చేప తోలు నుంచి కొలాజెన్: డెల్టా వేడిలో చెడకుండా తీయడం, తీసినదాన్ని పరీక్షించడం

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల్లో పట్టిన చేప చాలావరకు ఐస్ వేసిన పెట్టెల్లో, లారీల్లో బయటి రాష్ట్రాలకు వెళ్లిపోతుంది. చేప కోయకుండా మొత్తంగానే పోతుంది కాబట్టి దాంతోపాటు తోలూ పోతుంది. ఇక్కడి బజార్లో అమ్మే శీలావతి, బొచ్చె ముక్కలేమో తోలుతోనే పులుసులోకి దిగుతాయి. అందుకే ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో "చేప తోలు టన్నులకొద్దీ వృథా అవుతోంది" అని రాసేముందు, మీకు తోలు ఎక్కడ దొరుకుతుందో చూసుకోండి. బోన్‌లెస్ ముక్కలు కొట్టి హోటళ్లకు వేసే దుకాణాల్లో అది నిజంగా మిగులుతుంది. అక్కడ మిగిలేది ఎక్కువగా ఫంగస్ అని మనం పిలిచే పంగాసియస్ తోలు. ముందు రోజే చెబితే చాలామంది పక్కన పెట్టి ఇస్తారు.

ఈ పద్ధతి ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే విద్యార్థి కోసం, కాలేజీ ల్యాబ్‌లో ఉన్న సామానుతో మొదలుపెట్టాలనుకునే లెక్చరర్ కోసం రాసింది. ఇలా తీసిన పొడి తినడానికీ, పుండ్ల మీద వేయడానికీ పనికిరాదు. వాటికి వేరే ప్రమాణాలు, వేరే అనుమతులు కావాలి.

పనిలోకి దిగేముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. కొలాజెన్ అంటే మూడు పేటలు వేసి పేనిన కొబ్బరి తాడులాంటి ప్రోటీన్. ప్రతి పేటలోనూ ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే చిన్న అమైనో ఆమ్లం ఉంటుంది, ఎందుకంటే మెలిక లోపలి ఇరుకులో అంతకన్నా పెద్ద అమైనో ఆమ్లం పట్టదు. ఈ మూడు పేటల నమూనాను 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. వేడి తగిలితే ఆ మెలిక విడిపోతుంది. విడిపోయినదాని పేరు జెలటిన్. రెండింటి అమైనో ఆమ్లాలూ ఒకటే, ఎండబెడితే రెండూ తెల్లగానే ఉంటాయి. మీరు చేసే పనంతా మెలికను కాపాడటానికి, తర్వాత చేసే పరీక్షలు అది నిలిచిందో లేదో చూడటానికి.

ఎంత వేడికి విడిపోతుందనేది చేప బతికిన నీటిని బట్టి ఉంటుంది. చల్లటి సముద్రంలో బతికే కాడ్ చేప కొలాజెన్ 15 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. వెచ్చటి చెరువుల్లో పెరిగే మన చేపల కొలాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం కాడ్ కన్నా ఎక్కువ కాబట్టి 30 డిగ్రీలు దాటేదాకా నిలుస్తుంది. ఇది మనకు కలిసొచ్చే విషయమే కానీ, మే నెలలో మన ల్యాబ్ గది ఎంత వేడిగా ఉంటుందో గుర్తుంచుకుంటే ధీమా తగ్గుతుంది. వీలుంటే ఈ పని డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీళ్ల ఇబ్బంది, కరెంటు కోతల టెన్షన్ కూడా తోడవుతాయి.

తోలు తేవడం, శుభ్రం చేయడం

థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐస్, పైన పాలిథీన్ సంచిలో తోలు, దాని మీద మళ్లీ ఐస్ వేయండి. బరువుకు బరువు ఐస్ తక్కువ కాకూడదు. పొద్దున్నే కొట్టిన చేప తోలు మాత్రమే తీసుకోండి. మధ్యాహ్నం దాకా బల్ల కింద బకెట్లో ఉన్న తోలును ఊరికే ఇచ్చినా వద్దు. అందులో ఎంజైములు, బ్యాక్టీరియా అప్పటికే పేటలను తెంపడం మొదలుపెట్టి ఉంటాయి. తర్వాత ఎంత చల్లగా ఉంచినా తెగినవి అతకవు.

ల్యాబ్‌కు రాగానే మొండి కత్తితో లోపలివైపు అంటుకున్న మాంసం, కొవ్వు గీకేయండి. శీలావతి, బొచ్చె అయితే ముందు పొలుసులు పూర్తిగా తీయాలి, లేకపోతే వాటిలోని కాల్షియం చివర బూడిద శాతంలో కనిపిస్తుంది. ఫంగస్‌కు పొలుసు లేదు, ఆ మేరకు సుఖం. కానీ దాని తోలులో కొవ్వు ఎక్కువ. ఆ కష్టం తర్వాత వస్తుంది. ఐస్ నీళ్లలో జిగురు పోయేదాకా కడిగి, కత్తెరతో అర సెంటీమీటరు ముక్కలు చేయండి. కత్తిరించేటప్పుడు కూడా పళ్లెం కింద ఐస్ ఉండాలి.

నీళ్ల గురించి ఒక మాట. తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. తొలి కడుగుకు ఆర్వో ప్లాంటు టిన్ను నీళ్లు వాడుకోవచ్చు. ద్రావణాలు కలపడానికి మాత్రం డిస్టిల్డ్ వాటరే వాడాలి.

అన్ని ముక్కలూ కలిపి తూచి, అందులోంచి కొన్ని గ్రాములు తీసి 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారకుండా నిలిచేదాకా ఎండబెట్టండి. తేమ శాతం ఇప్పుడు కట్టకపోతే చివర దిగుబడి లెక్క కట్టలేరు. మిగిలినదాన్ని 50 గ్రాముల చొప్పున సంచుల్లో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మొదటిసారి 50 గ్రాములతోనే చేయండి.

క్షారం, ఆ తర్వాత కొవ్వు

కొలాజెన్ కాని ప్రోటీన్లను, రంగును వదిలించడానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ వాడతాం. లీటరు నీటికి 4 గ్రాములు. 50 గ్రాముల తోలుకు అర లీటరు. 4 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచి, ఆరేసి గంటలకు ద్రావణం మార్చండి. మొదటిసారి ఒంపిన ద్రావణం మురికిగా, నురగగా ఉంటుంది. చివరిది దాదాపు తేటగా ఉండాలి. తొందరపడి గాఢత పెంచితే తోలు ఉబ్బి, కొలాజెన్ కూడా కొంత కరిగి సింకులోకి పోతుంది. తర్వాత చల్లటి డిస్టిల్డ్ వాటర్‌తో పీహెచ్ కాగితం 7 దగ్గరికి వచ్చేదాకా కడగాలి. ఈ కడుగు విసుగు పుట్టిస్తుంది, కానీ సగంలో ఆపితే మిగిలిన క్షారం రేపు మీరు పోసే ఆమ్లాన్ని తినేస్తుంది.

కొవ్వు తీయడానికి 10 శాతం బ్యూటనాల్, మళ్లీ తోలుకు పది రెట్లు, 24 గంటలు, మధ్యలో ఒకసారి మార్పు. ఫంగస్ తోలుకు 48 గంటలు ఇవ్వండి. బ్యూటనాల్ నీటిలో కలిసేది దాదాపు ఆ శాతం వరకే. కాబట్టి ఊరికే వదిలేస్తే పైన పొరలా తేలుతుంది, కలియబెడుతూ ఉండాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నిప్పురవ్వ తగిలితే బ్యూటనాల్ ఆవిరి అంటుకునే వేడి 35 డిగ్రీల పైచిలుకు. అంటే వేసవిలో మన గది వేడే చాలు. మూత బిగించిన సీసాలోనే ఉంచండి, స్పార్క్ వచ్చే పాత ఫ్రిజ్‌లో తెరిచిన బీకరు పెట్టకండి. వాసన పూర్తిగా పోయేదాకా చల్లటి నీళ్లతో కడగండి.

కోల్డ్ రూమ్ లేని ల్యాబ్‌లో 4 డిగ్రీలు ఎలా అంటారా? వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఐసు, నీళ్లు వేసి అందులో బీకరు దించి, టబ్బును మాగ్నెటిక్ స్టిర్రర్ మీద పెట్టండి. స్టీలు గిన్నె అయితే లోపలి అయస్కాంతం సరిగా తిరగకపోవచ్చు. స్టిర్రర్ మోటారు కూడా గంటల తరబడి నడిస్తే వేడెక్కుతుంది కాబట్టి థర్మామీటరు బీకరులోనే ఉండాలి. రాత్రికి ఫ్రిజ్‌లోకి మార్చండి. ఐస్ ఫ్యాక్టరీలు ఇన్ని ఉన్న ప్రాంతంలో ఐసుకు లోటు రాదు.

ఆమ్లంలో కరిగించడం

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 29 మిల్లీలీటర్లు తీసుకుని నీటిలో పోసి, మొత్తం లీటరు చేస్తే 0.5 మోలార్ వస్తుంది. ఆమ్లాన్నే నీటిలో పోయాలి. 50 గ్రాముల తోలుకు లీటరున్నర పోసి, 4 డిగ్రీల దగ్గర 48 నుంచి 72 గంటలు నెమ్మదిగా కలుపుతూ ఉంచండి. మొదటి రోజే ముక్కలు ఉబ్బి గాజుముక్కల్లా పారదర్శకంగా అవుతాయి. రెండో రోజుకు ద్రావణం చిక్కబడి, గాజుకడ్డీ ఎత్తితే తీగలా జారుతుంది. మిక్సీలో వేసి తొందరగా ముగిద్దామనిపిస్తుంది, వద్దు. బ్లేడు రాపిడికి పుట్టే వేడి చాలు, మూడు రోజుల జాగ్రత్త నిమిషంలో పోతుంది.

రెండు పొరల మల్లు గుడ్డలో వడకట్టి, తర్వాత సెంట్రిఫ్యూజ్ చేయాలి. పరిశోధన పత్రాల్లో 15,000 నుంచి 20,000 జీ అని ఉంటుంది, అంటే భూమి ఆకర్షణకు అన్ని రెట్ల బలం. మీ యంత్రం మీద ఉండేది ఆర్పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు అన్నది. రెండూ ఒకటి కావు. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రోటరు 4,000 ఆర్పీఎం దగ్గర దాదాపు 1,800 జీ మాత్రమే ఇస్తుంది, 10,000 దగ్గర 11,000 జీ పైచిలుకు ఇస్తుంది. చిన్న యంత్రమే ఉంటే ద్రావణాన్ని అదే ఆమ్లంతో కాస్త పల్చన చేసి, ఎక్కువసేపు తిప్పండి. చల్లబరిచే ఏర్పాటు లేని యంత్రమైతే పది నిమిషాలకోసారి ఆపి గొట్టాలను ఐసులో పెట్టండి. గంటసేపు ఆగకుండా తిప్పితే లోపలి గాలి వేడెక్కి గొట్టాల్లో జెలటిన్ తయారవుతుంది.

గుడ్డలో మిగిలిన ముక్కలను పారేయకండి. ఆమ్లం ఒక్కటే కరిగించలేని కొలాజెన్ అందులో ఇంకా ఉంటుంది. లీటరు 0.5 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి 1 గ్రాము పెప్సిన్ (ప్రోటీన్లను జీర్ణం చేసే ఎంజైము) చొప్పున కలిపి ఆ ముక్కలను మరో 48 గంటలు 4 డిగ్రీల దగ్గర ఉంచితే అదీ బయటికి వస్తుంది. పెప్సిన్ పేటల చివర ఉండే మెలికలేని తోకలను కొరుకుతుంది, అసలు మెలికను ముట్టుకోదు. దిగుబడి బాగా పెరుగుతుంది. అయితే ల్యాబ్‌లో వాడే పెప్సిన్ సాధారణంగా పంది కడుపు నుంచి తీసింది. రేపు ఈ కొలాజెన్‌ను ఎవరికైనా ఇచ్చే ఆలోచన ఉంటే ఆ సంగతి దాచకూడదు. రెండు రకాలనూ కలపకుండా వేర్వేరుగా ముందుకు తీసుకెళ్లండి.

ఉప్పుతో దింపడం, డయాలిసిస్, ఎండబెట్టడం

తేట ద్రావణానికి లీటరుకు 53 గ్రాముల చొప్పున ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్ కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి. అంటే 0.9 మోలార్. తెల్లటి దారాలు తేలడం చూస్తారు, అదే కొలాజెన్. వంట ఉప్పులో అయొడిన్, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు ఉంటాయి కాబట్టి వద్దు. రాత్రంతా చల్లగా ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున దిగినదాన్ని తీసుకుని, అది కరగడానికి సరిపడా కొద్ది 0.5 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో కరిగించండి. ఉప్పుతో దింపడం, కరిగించడం రెండుసార్లు చేస్తే శుభ్రత పెరుగుతుంది. పెప్సిన్ వాడినదానికైతే రెండోసారి తప్పనిసరి.

డయాలిసిస్ అంటే సన్నటి రంధ్రాల సంచిలోంచి ఉప్పును బయటి నీటిలోకి పోనిచ్చి, కొలాజెన్‌ను లోపల ఉంచడం. దానికి 12-14 కిలోడాల్టన్ల కటాఫ్ ఉన్న సంచి, అంటే అంతకన్నా బరువైన అణువులను ఆపేది సరిపోతుంది. సంచిలో మూడో వంతు ఖాళీ వదలండి. లోపలి ఉప్పు బయటి నీటిని లాగి సంచిని ఉబ్బిస్తుంది, నిండుగా కట్టింది రాత్రికి రాత్రే పగిలిపోగలదు. ముందు 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో ఒక రోజు, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో రెండు రోజులు, రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తూ ఉంచాలి. బయటి నీటిలో రెండు చుక్కలు నైట్రిక్ ఆమ్లం, తర్వాత సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లబడకపోతే ఉప్పు పోయినట్టే.

చివర లైయోఫిలైజర్, అంటే గడ్డకట్టించి వ్యాక్యూమ్‌లో ఎండబెట్టే యంత్రం. ద్రావణాన్ని పళ్లెంలో పల్చగా పోసి బాగా గడ్డకట్టించి ఎండబెడితే దూదిలాంటి తెల్లటి స్పాంజి వస్తుంది. మీ దగ్గర లేకపోతే ఓవెన్‌లో ఎండబెట్టకండి, ఎంత తక్కువ వేడిలోనైనా సరే. దానికన్నా 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో ద్రావణంగానే ఫ్రిజ్‌లో ఉంచి, 10 మిల్లీలీటర్లు మాత్రం తూచిన పళ్లెంలో 105 డిగ్రీల దగ్గర ఎండబెట్టి గాఢత కట్టుకుంటే మేలు. ఆమ్లం ఆవిరైపోతుంది, మిగిలేది ప్రోటీన్ బరువే.

దిగుబడి రాసేటప్పుడు తడి బరువు మీదా, పొడి బరువు మీదా అన్నది తప్పక చెప్పాలి. ఉదాహరణకు 65 శాతం తేమ ఉన్న 50 గ్రాముల తోలులో పొడి పదార్థం 17.5 గ్రాములు. 2.5 గ్రాముల కొలాజెన్ వస్తే తడి మీద 5 శాతం, పొడి మీద 14 శాతం. ఏదో చెప్పకుండా 14 అని మాత్రమే రాస్తే ఆ అంకెను వేరే ఎవరి అంకెతోనూ పోల్చలేం.

కొలాజెనా, జెలటినా?

పరీక్షలకు ముందు మీ కొలాజెన్ ద్రావణంలో కొంచెం తీసి 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచండి. అది మీరు కావాలని చేసిన జెలటిన్. ప్రతి పరీక్షకూ అసలు నమూనా పక్కన దీన్నీ పెట్టండి. ఏ పరీక్ష రెండింటినీ వేరు చేస్తుందో, ఏది చేయలేదో మీ కళ్లతో తెలుస్తుంది. దూడ చర్మం టైప్-1 కొలాజెన్ (తోలులో ఎక్కువగా ఉండే రకం) కొనగలిగితే అదీ మూడో నమూనాగా ఉంటుంది. ఖరీదైనదే, కానీ కొద్దిగా చాలు.

అందరూ ముందు చేసేది ఎస్‌డీఎస్-పేజ్, అంటే ప్రోటీన్లను జెల్‌లో కరెంటుతో నడిపించి బరువును బట్టి వేరు చేయడం. 7.5 శాతం జెల్ వేయండి. దగ్గరదగ్గరగా రెండు ఆల్ఫా పట్టీలు (విడి పేటలు), పైదాని మందం కిందదానికి దాదాపు రెట్టింపు, వాటికి బాగా పైన బీటా పట్టీ (రెండేసి పేటలు అతుక్కున్నవి) కనిపిస్తే అది టైప్-1 కొలాజెనే. మార్కర్‌తో పోలిస్తే ఆల్ఫా పట్టీలు 120 కిలోడాల్టన్ల పైన ఉన్నట్టు కనిపిస్తాయి. అసలు బరువు 100కు లోపే. మామూలు ప్రోటీన్ల కన్నా ఇది జెల్‌లో నెమ్మదిగా కదులుతుంది. ఆల్ఫా కింద మసకగా చారలు సాగితే పేటలు తెగాయన్నమాట, తోలు పాతదయినా కావాలి, పెప్సిన్ పని చేసిన చోట వేడి పెరిగినా కావాలి. కానీ ఈ పరీక్ష పరిమితి కూడా తెలియాలి. జెల్‌కు ఎక్కించేముందు నమూనాను ఎస్‌డీఎస్‌తో మరిగించి మెలికను మనమే విప్పేస్తున్నాం. కాబట్టి తెగిన పేటలను ఇది చూపిస్తుంది కానీ విడిపోయిన మెలికను చూపించలేదు. జెల్ ఫొటో ఒక్కటి పెట్టి "సహజ కొలాజెన్ లభించింది" అని రాసే రిపోర్టులను నేను నమ్మను. హైడ్రాక్సీప్రోలిన్ అంచనాకూ అదే చిక్కు. 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర 24 గంటలు విడగొట్టి, క్లోరమైన్-టి, ఎర్లిక్ రీఏజెంటుతో రంగు తెప్పించి 550-560 నానోమీటర్ల దగ్గర చదువుతాం. అది స్వచ్ఛత చెబుతుంది, జెలటిన్‌కూ అదే అంకె వస్తుంది. హైడ్రాక్సీప్రోలిన్ నుంచి కొలాజెన్ లెక్కించేటప్పుడు పశువుల కోసం ఇచ్చిన గుణకాన్ని చేపకు వాడకండి. పశువులకన్నా చేపలో హైడ్రాక్సీప్రోలిన్ తక్కువ, అందువల్ల కొలాజెన్ ఉన్నదానికన్నా తక్కువ తేలుతుంది.

మెలిక సంగతి చెప్పే పరీక్షల్లో నాకు బాగా నచ్చేది స్నిగ్ధత (చిక్కదనం) పరీక్ష, ఎందుకంటే దాన్ని కొలిచే గాజు గొట్టం, ఆస్ట్‌వాల్డ్ విస్కోమీటరు, ఏ డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనైనా దుమ్ము పట్టి దొరుకుతుంది. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో 0.03 శాతం కొలాజెన్ ద్రావణం చేసి, చల్లగా మొదలుపెట్టి రెండు మూడు డిగ్రీల చొప్పున 50 దాకా పెంచండి. ప్రతి మెట్టులో 30 నిమిషాలు ఆగి, ద్రవం గీత నుంచి గీతకు దిగే సమయం చూడండి. అదే వేడి దగ్గర ఉత్త ఆమ్లం దిగే సమయం కూడా ముందే రాసి పెట్టుకోవాలి. మెలిక ఉన్నంతసేపు పొడవాటి కడ్డీల్లాంటి అణువులు ద్రావణాన్ని చిక్కగా ఉంచుతాయి. విడిపోగానే స్నిగ్ధత దిగజారుతుంది. గ్రాఫు గీస్తే చల్లటి విలువకూ 50 డిగ్రీల విలువకూ సరిగ్గా మధ్యకు పడిపోయిన వేడి మీ కొలాజెన్ డీనేచురేషన్ ఉష్ణోగ్రత, అంటే మెలిక విడిపోయే వేడి. మీరు కావాలని చేసిన జెలటిన్‌తో ఇదే గ్రాఫు గీస్తే ఆ దిగుడు కనిపించదు. మీ అసలు నమూనాకూ కనిపించకపోతే, మొదట్లో ఎక్కడో వేడి తగిలింది.

సీడీ (సర్క్యులర్ డైక్రోయిజం) స్పెక్ట్రోమీటరు, అంటే కాంతితో ప్రోటీన్ మెలికను పసిగట్టే యంత్రం దొరికితే పని తేలిక. 221 నానోమీటర్ల దగ్గర చిన్న ధన శిఖరం, 197 దగ్గర లోతైన రుణ లోయ వస్తే మెలిక ఉన్నట్టు. ధన శిఖరం మాయమైతే లేనట్టు. ద్రావణంలో ఆమ్లం ఎక్కువైతే అదే ఆ కాంతిని మింగేస్తుంది, 0.05 మోలార్ చాలు. యూవీ స్కాన్‌కూ ఇదే జాగ్రత్త. అందులో 230 చుట్టుపక్కల శిఖరం ఉండాలి. 280 దగ్గర దాదాపు ఏమీ ఉండకూడదు, ఎందుకంటే కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ లేదు, టైరోసిన్ బహు తక్కువ. అక్కడ గుట్ట లేస్తే ఇతర ప్రోటీన్లు మిగిలాయి, క్షారపు కడుగు చాలలేదు.

ఎఫ్‌టీఐఆర్‌కు, అంటే పరారుణ కాంతితో రసాయన బంధాలను చూసే పరీక్షకు బయటికి పంపాల్సి వస్తుంది. పంపేముందు నమూనాను డెసికేటర్‌లో బాగా ఆరనివ్వండి. మన గాలి తేమకు పొటాషియం బ్రోమైడ్ బిళ్ల కూడా చెమ్మ పడుతుంది. నీటి పట్టీ 1640 దగ్గర వచ్చి అమైడ్-1ను కప్పేస్తుంది. ఫలితం వచ్చాక 1650, 1550, 1240 దగ్గర మూడు అమైడ్ పట్టీలు చూసి ఊరుకోకండి, అవి ఏ ప్రోటీన్‌కైనా ఉంటాయి. 1240 పట్టీ ఎత్తును 1450 పట్టీ ఎత్తుతో భాగించండి. ఒకటికి దగ్గరగా వస్తే మెలిక నిలిచింది. బాగా తగ్గితే అనుమానించాలి.

పని అయ్యాక పారబోసే ద్రావణాల సంగతి మిగిలింది. క్షారాన్ని వాడేసిన ఎసిటిక్ ఆమ్లంతో కలిపి పీహెచ్ 7 దగ్గరికి తెచ్చాకే వదలండి. బ్యూటనాల్‌ను వేరే డబ్బాలో మూత పెట్టి దాచి, కాలేజీ కెమికల్ వ్యర్థాలతో పంపండి. మురుగు డ్రెయిన్‌లో పోస్తే అది ఎవరి చేపల చెరువులోకో చేరుతుంది. పొడిని గాలి చొరబడని సీసాలో సిలికా జెల్ పొట్లంతో డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. సీసా మీద చేప పేరు, తోలు తెచ్చిన తేదీ, ఆమ్లంతో తీసిందా పెప్సిన్‌తో తీసిందా, దారిలో బీకరు వేడి అత్యధికంగా ఎంతకు చేరిందో రాయండి. సీసాను ఫ్రీజర్‌లోంచి తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే చెమ్మ పట్టి పొడి ముద్దవుతుంది.